ఇరవై ఎనిమిది రోజుల నెల



ఇంటి ఖర్చుల పుస్తకంలో బియ్యం, పప్పు, కరెంటు బిల్లు, పిల్లల ఫీజు అనే పద్దుల ప్రక్కన ఇప్పుడు మరొక పద్దు వచ్చి కూర్చుంది. అది ఫోను రీఛార్జి. నలుగురున్న ఇంట్లో నాలుగు ఫోన్లుంటే నాలుగు రీఛార్జీలు. కొన్ని ఇండ్లలో దానితోపాటు ఇంటర్నెట్టు కనెక్షను కూడా ఉంది. పిల్లవాడు కంప్యూటరు చదువులో చేరితే సాఫ్ట్‌వేర్ ఖర్చు తోడవుతుంది. దేనికదే చూస్తే చిన్న మొత్తం. సంవత్సరానికి కూడి చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది. ఈ నెల ఆ పద్దును గురించే ఆలోచిద్దాం.

మేడ్చల్ బస్టాండులోనైనా, శామీర్‌పేట చెరువు కట్ట మీదనైనా నలుగురు కూడినప్పుడు ఈ సంగతి వస్తే మూడు రకాల మాటలు వినవచ్చు. కొందరు "కంపెనీలు మనల్ని దోచుకుంటున్నాయి" అంటారు. మరికొందరు, కాస్త వయసు మళ్ళినవారు, "ఒకప్పుడు ఎస్టీడీ బూతు ముందు నిలబడి ఎంత ఇచ్చుకున్నామో మరచిపోయారా? ఇప్పుడెంత చవకో చూడండి" అంటారు. కుర్రవాళ్ళు "అసలు డబ్బెందుకు పెట్టాలి? ఫ్రీగా వచ్చేది వెతుక్కుంటే సరి" అంటారు. ముగ్గురి మాటలోనూ కొంత నిజముంది. అయితే ముగ్గురూ ఒక ప్రశ్నను విడిచిపెడుతున్నారు. మనకు ఏ కొలతతో అమ్ముతున్నారు?

ఈ ప్రశ్న అడగడానికి మన ప్రాంతం కంటె తగిన చోటు ఉండదు. మేడ్చల్ నాగపూరు వెళ్ళే 44వ జాతీయ రహదారి మీద ఉంది. శామీర్‌పేట కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద ఉంది. 2016 అక్టోబరు 11 నుండి రెండూ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని మండలాలు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, బిట్స్ పిలానీ హైదరాబాదు క్యాంపసు, టీకాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ, ఇవన్నీ శామీర్‌పేట చుట్టుపక్కలే ఉన్నాయి. వాటి గోడల అవతలే వరి మళ్ళు, గొర్రెల మందలు, కూలి పనికి పోయే కుటుంబాలు. ఒకే టవరు క్రింద పెద్ద జీతం తీసుకునే ఇంజనీరూ ఉంటాడు, నెలకు పదిసార్లు కూడా ఫోను ఎత్తని ముసలమ్మా ఉంటుంది. ఇద్దరి చేతికీ ఒకే రకం రీఛార్జి వస్తే అది సమానంగా కనబడుతుంది. న్యాయమా అన్నది వేరే సంగతి.

చవక అన్నమాట నిజమే

ముందుగా కంపెనీల పక్షాన చెప్పవలసింది చెప్పుకుందాం. మన దేశంలో మొదటి మొబైల్ కాల్ 1995 జూలై 31న జరిగింది. అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుండి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల దాకా అయ్యేది. పైగా ఫోను చేసినవారే కాదు, అందుకున్నవారు కూడా చెల్లించవలసి ఉండేది. వచ్చే కాల్‌కు డబ్బులు లేకుండా పోయింది 2003 మేలో. ఇంటర్నెట్టు సామాన్య జనానికి వచ్చింది 1995 ఆగస్టు 15న, విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా. అదీ టెలిఫోను తీగ ఉన్న పట్నం వారికే.

తరువాత 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి, మరుసటి మార్చి వరకు డేటా ఉచితంగా పంచింది. దానితో మిగతా కంపెనీలు కూడా ధరలు తగ్గించుకోక తప్పలేదు. పల్లెలో పశువులు కాసే పిల్లవాడు కూడా వీడియో చూడగలుగుతున్నాడంటే ఆ పోటీయే కారణం. టవరు నిలబెట్టడానికి, కరెంటుకు, తీగెలకు, పనివారికి ఖర్చు అవుతుంది. అమ్మేవాడు లాభం చూసుకోవడం తప్పు కాదు. 2024 జూలైలో మూడు ప్రైవేటు కంపెనీలూ ఒకేసారి ధరలు పెంచినప్పుడు జనం కోపపడ్డారు గాని, పెంచడం ఒక్కటే అన్యాయమని నేననను. ధర పైకి కనబడుతుంది. కొనవచ్చు, మానవచ్చు. కొలత కనబడకపోతేనే పేదవాడు మోసపోతాడు.

నెలకు ఎన్ని రోజులు?

మన పెద్దల కాలంలో ధాన్యం మానికతోను, కుంచంతోను కొలిచేవారు. ఊరి మానిక ఒక తీరు, షావుకారు మానిక మరొక తీరు. అందుకనే ప్రభుత్వం 1958 నుండి కిలో, గ్రాము తూకాలను అమలులోకి తెచ్చింది. ఈనాటికీ అంగడిలో కూరగాయలమ్మే తక్కెడకు సర్కారు ముద్ర ఉండాలి. కిలో అంటే మేడ్చల్‌లోనూ, మద్రాసులోనూ వెయ్యి గ్రాములే. త్రాసు, తూనికరాళ్ళ సంగతి బైబిలు చదివే ఇండ్లకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు.

మరి నెల అంటే ఎన్ని రోజులు? క్యాలెండరులో ముప్పై, ముప్పైయొకటి. ఫిబ్రవరి ఒక్కటే తక్కువ. రీఛార్జి దుకాణంలో మాత్రం ఏడాది పొడుగునా ఫిబ్రవరియే. "నెల ప్యాకు" అని మనం అడిగి తీసుకునేది చాలాసార్లు 28 రోజులది. "మూడు నెలలది" అనుకునేది 84 రోజులది. ప్యాకు మీద 28 అనే రాసి ఉంటుంది గనుక అది అబద్ధం కాదు. కాని జీతం నెలకు వస్తుంది, పింఛను నెలకు వస్తుంది, పాలవాడు నెలకు లెక్క చూస్తాడు. ఫోను ఒక్కటే నాలుగు వారాలకు అడుగుతుంది.

ఒకసారి లెక్క వేద్దాం. 28 రోజుల రీఛార్జి పదమూడుసార్లు చేయిస్తే 364 రోజులవుతాయి. అంటే సంవత్సరానికి పన్నెండు నెలలకు బదులు పదమూడు "నెలలు" కట్టాం, అయినా ఒక రోజు తక్కువే. 2024 జూలైలో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కంపెనీల 28 రోజుల చిన్న ప్యాకు 199 రూపాయలైంది. పన్నెండుసార్లయితే 2,388 రూపాయలు. పదమూడుసార్లయితే 2,587 రూపాయలు. ఆ పదమూడవ 199 రూపాయలను మనలో ఎంతమంది లెక్కలో వేసుకున్నాం? ఇంట్లో నాలుగు ఫోన్లుంటే ఆ తేడా ఒక్కటే 796 రూపాయలు.

దీనిమీద ఫిర్యాదులు పోగా, టెలికాం వ్యవహారాలను నియంత్రించే ట్రాయ్ 2022 జనవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి కంపెనీ 30 రోజుల గడువు గల ప్యాకు కనీసం ఒకటి ఉంచాలి. ప్రతి నెలా అదే తారీకున తిరిగి చేయించుకోగల ప్యాకు కూడా ఉంచాలి. ఉత్తర్వు వచ్చిన సంగతి చాలామందికి తెలియదు. దుకాణంలో అడగనిదే ఎవరూ చెప్పరు. కాబట్టి అడగండి.

వాడనిదానికి వెల

రెండవ సంగతి ఇంకా ముఖ్యమైనది. మీటల ఫోను వాడే తల్లిదండ్రులు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. వారికి కావలసింది కొడుకు మాట, కూతురు మాట, ఆసుపత్రి నుండి కబురు. వీడియోలతో పని లేదు. అయినా చాలాకాలం డేటా కలిపిన ప్యాకే వారికీ గతి అయింది. ఇది ఎలాగుందంటే, ఉప్పు కొనడానికి పోయిన అవ్వకు "నూనె డబ్బా కూడా తీసుకుంటేనే ఉప్పు ఇస్తాను" అన్నట్లుంది.

డబ్బు లేక ఆ ప్యాకు వేయించకపోతే ఏమవుతుంది? గడువు తీరిన కొద్ది రోజులకు పోయే కాల్స్‌తోపాటు వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. ఒంటరిగా ఉండే తల్లికి ఫోను కలవకపోతే దుబాయిలోనో, పూణేలోనో పనిచేసే కొడుకు ఎంత తల్లడిల్లుతాడో మీకు తెలుసు. అంతటితో ఆగదు. బ్యాంకు, గ్యాసు, ఆధార్ అన్నింటికీ ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది. చాలాకాలం వాడకపోతే నంబరు రద్దవుతుంది. రద్దయిన 90 రోజుల తరువాత దానిని వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు అమ్మ బ్యాంకు కబురు ఎవరో తెలియనివారి చేతికి పోతుంది. అందుచేత నంబరు పోయినా, మార్చినా, వెంటనే బ్యాంకుకు వెళ్ళి పాత నంబరు తీసివేయించడం మరువవద్దు.

ఈ విషయంలో కూడా ఒక మేలు జరిగింది. 2024 డిసెంబరు 23న ట్రాయ్ తన నిబంధనలు సవరించి, మాట్లాడుకోవడానికి, ఎస్సెమ్మెస్‌కు మాత్రమే పనికివచ్చే రీఛార్జిని ప్రతి కంపెనీ ఇవ్వాలని చెప్పింది. అటువంటి వోచరుకు 90 రోజులుగా ఉన్న గరిష్ఠ గడువును 365 రోజులకు పెంచింది. 2025 జనవరిలో కంపెనీలు ఆ ప్యాకులు ప్రకటించాయి. ఎయిర్‌టెల్ మొదట చెప్పిన ధరలను కొద్ది రోజుల్లోనే సవరించి 84 రోజులకు 469 రూపాయలు, 365 రోజులకు 1,849 రూపాయలు అన్నది. జియో 84 రోజులకు 448 రూపాయలు అన్నది. పైన మనం చూసిన 2,587 రూపాయలతో 1,849 పోల్చి చూడండి. 738 రూపాయల తేడా. పింఛను మీద బ్రతికే అవ్వకు అది మందుల ఖర్చు.

ధరలు మారుతూ ఉంటాయి గనుక నేను రాసిన అంకెను పట్టుకొని దుకాణదారునితో తగవుపడవద్దు. "డేటా లేనిది ఉందా? ఎన్ని రోజులది? ఎంత?" అని మూడు మాటలు అడగండి. నిజానికి చాలా ఇండ్లలో అవ్వ ఫోనుకు రీఛార్జి చేసేది మనవడే. తన ఫోనులో ముందుగా కనబడిన ప్యాకు నొక్కి, "అయిపోయిందవ్వా, రెండు వందలియ్యి" అంటాడు. ఇక్కడ కంపెనీ అన్యాయంలో మన అజాగ్రత్త కూడా కలిసింది. మనవడు రెండు నిమిషాలు వెచ్చించి క్రిందిదాకా చూస్తే అవ్వ కొంగుముడిలో డబ్బు మిగులుతుంది.

వేగం ఎంత?

ఇంటికి తీగె ద్వారా ఇంటర్నెట్టు పెట్టించుకునేవారు మన వైపు ఎక్కువవుతున్నారు. కరపత్రం మీద "100 ఎంబీపీఎస్ వరకు" అని ఉంటుంది. అందులో రెండు చిక్కులున్నాయి.

మొదటిది కొలత. ఆ వంద బిట్ల లెక్క. మనం దింపుకునే పాటలు, పాఠాలు బైట్ల లెక్క. ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి వంద అన్నది నిజంగా సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. ఇందులో మోసం లేదు, లోకమంతటా ఇదే రివాజు. తెలియనివారు మాత్రం ఎనిమిది రెట్లు ఎక్కువ ఆశించి నిరాశపడతారు.

రెండవది ఆ "వరకు" అన్న చిన్న మాట. చెరువు తూము ఎత్తినప్పుడు మొదటి మడికి నీరు ఉరకలేస్తుంది, చివరి ఆయకట్టుకు పోయేసరికి తడి మాత్రమే మిగులుతుంది. ఇంటర్నెట్టు కూడా వీధి అంతా పంచుకునే కాలువ వంటిదే. పగలు పదింటికి చక్కగా వచ్చినది, రాత్రి ఎనిమిదికి అందరూ తెరిచేసరికి సన్నబడుతుంది. అందుకని చేరకముందే ప్రక్కింటివారిని "రాత్రిపూట ఎట్లా వస్తుంది?" అని అడగాలి. నెలకు ఎంత డేటా దాటితే వేగం తగ్గిస్తారు, తగ్గించాక ఎంత ఉంటుంది, పెట్టె అద్దెనా సొంతమా, 18 శాతం జీఎస్టీ చెప్పిన ధరలో కలిసిందా లేదా అని కాగితం మీద రాయించుకోవాలి.

ప్రభుత్వం కూడా ఈ కొలతను కాలానుగుణంగా మారుస్తూ వచ్చింది. 2004లో సెకనుకు 256 కిలోబిట్లు వస్తే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2013లో 512 అన్నారు. 2023 జనవరిలో దానిని 2 మెగాబిట్లకు పెంచారు. అంతకు తక్కువ ఇచ్చి బ్రాడ్‌బ్యాండ్ అని పేరు పెట్టకూడదు.

ఉచితమనే ద్వారం

ఇప్పుడు "ఫ్రీగా వచ్చేది చూసుకుంటే సరి" అనే కుర్రవాళ్ళ మాటకు వద్దాం. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ కంపెనీ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్.ఆర్గ్ అనే పథకం మన దేశంలో ప్రారంభించింది. మొదట ఇచ్చిన ప్రాంతాల్లో మన తెలంగాణ కూడా కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ టెలికాం సర్కిల్ ఒకటి. ఇచ్చిన భాషల్లో తెలుగు ఒకటి. తరువాత దాని పేరు ఫ్రీ బేసిక్స్ అని మార్చారు. ఎంపిక చేసిన కొద్ది సైట్లు ఉచితంగా చూడవచ్చు, మిగతావాటికి డబ్బు కట్టాలి.

దీనిని సమర్థించినవారిది బుద్ధిలేని వాదమేమీ కాదు. ఆకలితో ఉన్నవానికి పూర్తి భోజనం లేకపోతే గంజి అయినా మేలు కదా అన్నారు. ఎదిరించినవారు అడిగినది వేరు. ఏది ఉచితం, ఏది కాదు అని తేల్చేది ఎవరు? ఒక్క కంపెనీ తేలుస్తే, పేదవాడు చదివే వార్త, కొనే సరుకు, వినే మాట అన్నీ ఆ కంపెనీ చెప్పుచేతల్లోకి పోవా? డబ్బున్నవానికి పూర్తి లోకం, లేనివానికి గోడ కట్టిన పెరడు అవుతుంది కదా?

మన అవుటర్ రింగు రోడ్డు చూడండి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద శామీర్‌పేట దగ్గర ఎక్కినా, మేడ్చల్ దగ్గర ఎక్కినా, బండి ఏ రకమో, ఎంత దూరం పోయిందో చూసి టోలు తీసుకుంటారు. "నీవు ఏ దుకాణానికి పోతున్నావు? ఫలానా షావుకారు దుకాణానికైతే టోలు లేదు, ఎదుటివాని దుకాణానికైతే కట్టు" అని అడిగితే ఎలాగుంటుంది? ఆరు నెలల్లో రెండవ దుకాణం మూతపడుతుంది. అప్పుడు మొదటి షావుకారు చెప్పిందే ధర.

ఈ కారణం చేతనే 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ నిబంధన తెచ్చింది. చూసే సైటును బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టరాదు. మీరితే రోజుకు 50,000 రూపాయల చొప్పున 50 లక్షల దాకా జరిమానా. ఆపద సమయంలో అందించే అత్యవసర సేవలకు మాత్రం మినహాయింపు ఉంది. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం కూడా ఇంటర్నెట్టు దారిలో పక్షపాతం ఉండరాదన్న సూత్రాన్ని ఆమోదించింది. ఆ నాటి నుండి నేటివరకు కంపెనీలు "మా తీగెల మీద పెద్ద వీడియో కంపెనీలు వ్యాపారం చేసుకుంటున్నాయి, వారు మాకు వాటా ఇవ్వాలి" అని అడుగుతూనే ఉన్నాయి. ఆ వాదనలో కొంత బలం ఉండవచ్చు. కాని డేటాకు మనం ఒకసారి కట్టాం. అవతలివారి దగ్గర రెండవసారి తీసుకుంటే, ఆ రెండవ రూపాయి కూడా తిరిగి తిరిగి మన మీదికే వస్తుందని నా అభిప్రాయం.

ఒకసారి నిజంగా ఉచితంగా వచ్చిన మంచి సేవను కూడా చెప్పుకోవాలి. కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1 నుండి, తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానెళ్ళ ద్వారా పాఠాలు ప్రసారం చేసింది. టీవీ ఉన్న ఇంట డేటా ఖర్చు లేకుండా పాఠం వచ్చింది. ఒక్కటే ఫోను ఉన్న ఇంట్లో ఆ ఫోను కొడుకుకు ఇవ్వాలా, కూతురికి ఇవ్వాలా అని వచ్చినప్పుడు చాలా ఇండ్లు కొడుకు వైపే మొగ్గాయి. కంపెనీ దగ్గర న్యాయమైన కొలత అడిగే మనం ఇంట్లో పిల్లలకు కూడా అదే కొలత ఉంచాలి.

కాపీ చేసిన సాఫ్ట్‌వేర్

సాఫ్ట్‌వేర్ సంగతి వేరు. అది కంటికి కనబడని సరుకు. ఒకరి దగ్గర తీసుకుంటే ఒకరికి తగ్గేది లేదు. అందుచేత కాపీ చేసుకోవడం తప్పుగా తోచదు. పెండ్లి పత్రికలు అచ్చువేసే డీటీపీ సెంటర్లలో, కంప్యూటరు నేర్పే చిన్న సంస్థల్లో, కొన్ని బడుల్లో కూడా కొనని సాఫ్ట్‌వేర్ నడుస్తూనే ఉంది. "అంత ధర పెడితే మేమెక్కడ కొంటాం?" అని జవాబు.

ధర ఎక్కువన్నది నిజమే. ఇంతకుముందు ఒకసారి కొంటే చేతిలో ఉండేది. 2013 నుండి అడోబీ వంటి కంపెనీలు నెలనెలా అద్దె పద్ధతికి మారాయి. అమెరికా జీతానికి చిన్నదైన అద్దె మేడ్చల్ డీటీపీ సెంటరుకు పెద్ద బరువు. అయినా ధర అన్యాయంగా ఉన్నంత మాత్రాన దొంగిలించడం న్యాయమైపోదు. చట్టం కూడా ఊరుకోదు. 1957 కాపీరైట్ చట్టానికి తరువాత చేర్చిన 63బి సెక్షను ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరులో వాడితే ఏడు రోజుల నుండి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుండి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. లాభం కొరకు వాడకపోతే జైలు లేకుండా జరిమానాతో విడిచే వీలు కోర్టుకు ఉంది. దానికి తోడు దొంగ కాపీలతో వైరస్ వస్తుంది. ఆదా చేసిన డబ్బు బ్యాంకు ఖాతాలో నుండి పోయిన తరువాత ఏడ్చి ప్రయోజనం లేదు.

కొనలేనివారికి, దొంగిలించనివారికి మరొక మార్గముంది. చాలామందికి అది తెలియకపోవడమే విచారం. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టాడు. అది ఉచితం, కాపీ చేసి పదిమందికి పంచవచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది. ఉత్తరాలు, లెక్కలు రాసుకోవడానికి లిబ్రే ఆఫీస్ ఉంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఇటువంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే పిల్లలకు కంప్యూటరు నేర్పుతున్నాయి. మన హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ ఈ పని మీదనే ఉంది.

తెలుగు అక్షరాలకు కూడా ఒకప్పుడు ఇదే చిక్కు. ఒక కంపెనీ అక్షరాలతో కొట్టిన పాటల పుస్తకం ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చిగీతలు కనబడేవి. యూనికోడ్ పద్ధతి వచ్చాక ఆ బంధకం విడిపోయింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే అక్షరాలను తయారుచేసి తెలుగువారందరికీ ఉచితంగా ఇచ్చారు. ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని ఇటువంటి దానం ఎంత మేలు చేస్తుందో ఆలోచించండి.

పాత కంప్యూటరున్నవారికి ఇది మరీ అవసరం. మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి సాధారణ భద్రతా మరమ్మతులను 2025 అక్టోబరు 14తో ఆపివేసింది. విండోస్ 11 చాలా పాత యంత్రాల మీద ఎక్కదు. బాగా పనిచేస్తున్న కంప్యూటరును తుక్కుకు వేసేకంటె దానిలో లినక్స్ వేయించి బడిపిల్లలకు ఇస్తే ఇంకా కొన్నేళ్ళు పనికివస్తుంది. అలవాటు కావడానికి కొన్ని దినాలు పడుతుందని, కొన్ని వృత్తి సాఫ్ట్‌వేర్‌లు దాని మీద నడవవని కూడా చెప్పాలి. అవి కావలసినవారు కొనుక్కోక తప్పదు. కొన్న ఖర్చును పని ధరలో వేసుకోవడం న్యాయమే.

మనం చేయగలిగింది

కంపెనీతో పోరాడడానికి మనం ఎంతటివారమని నిరాశపడవద్దు. అడగని రీఛార్జి వేసినా, బ్యాలెన్సు కోసినా, ముందు 198కి ఫోను చేసి ఫిర్యాదు చేయండి. వారిచ్చే ఫిర్యాదు సంఖ్యను పుస్తకంలో రాసుకోండి. తృప్తి కలగకపోతే 30 రోజుల లోపల ఆ కంపెనీలోనే పై అధికారికి అప్పీలు చేయవచ్చు. వారు 39 రోజుల్లో తేల్చాలి. రుసుము లేదు. ప్రభుత్వ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. టెలికాం కంపెనీల మీద వినియోగదారుల కమిషనుకు కూడా పోవచ్చునని 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఏదీ కుదరకపోతే నంబరు మారకుండానే కంపెనీ మారవచ్చు. 2011 జనవరి 20 నుండి దేశమంతటా ఈ సదుపాయం ఉంది. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ విడిచి, మీ నంబరు రాసి 1900కి ఎస్సెమ్మెస్ పంపాలి. అయితే ముందు మీ ఇంట్లో, మీ పొలంలో ఆ కొత్త కంపెనీ సిగ్నలు ఉందో లేదో పొరుగువారి ఫోనుతో చూసుకోండి.

చదువుకున్న పిల్లలు ఈ నెల ఒక పని చేయవచ్చు. మీ వీధిలో ఒంటరిగా ఉండే ముగ్గురు పెద్దవారి దగ్గరకు వెళ్ళండి. "పెద్దమ్మా, నీ ఫోనులో ఏ ప్యాకు ఉంది? నీకేం కావాలి?" అని అడిగి, వారి వాడకానికి తగినది వెతికిపెట్టండి. గడువు ఎప్పుడు తీరుతుందో గోడ క్యాలెండరు మీద పెద్ద అంకెలతో రాసిపెట్టండి. నల్సార్‌లో చదివిన లాయరు చేయవలసినంత పెద్ద పనేమీ కాదది. పదవ తరగతి పిల్లవాడు చాలు.

మీ ఇంటి పుస్తకంలో ఈ పద్దు సంవత్సరానికి ఎంత వచ్చిందో కూడి చూసి మాకు రాయండి. వచ్చే నెల మరల కలుసుకుందాం.